రవళి చెయ్యి విరిచిన తూకపు రాయి

రవళి చెయ్యి విరగ్గొట్టింది ఆమె మొగుడు వివేకేనన్న మాట ఎర్రమంజిల్ దాకా పాకింది. వాళ్ళ కింది ఇంట్లో ఉండేది నేను. వివేక్ గొంతు పెంచడం కూడా ఏనాడూ వినలేదు. చెవి పెట్టలేదని మాత్రం అనను.

రవళి ఉద్యోగం పంజాగుట్టలో. ఉపగ్రహం తీసిన చిత్రాలు చూసి, చెరువుల నీళ్ళెట్లా ఉన్నాయో పటాలు గీస్తుంది. ఒక పటంలో ఒక చెరువు ఎర్రగా వచ్చింది. ఎరుపంటే నీళ్ళలో విషపు నాచు. ఆ పటం ఫోన్లన్నీ తిరిగింది. ఆ చెరువు చేపలమ్మే పెంటయ్య బండిని అమీర్‌పేట సందులో కుర్రాళ్ళు తిరగేశారు. "పిల్లలకు విషం తినిపిస్తవారా" అంటూ అతని మొహాన్ని చేపలు కోసే మొద్దుకేసి బాదారు. దవడ పగిలింది. రోడ్డు మీది నెత్తురు చేపలదో మనిషిదో తెలియలేదు.

తర్వాత రవళి పాత చిత్రాలు తిరగేసింది. చిత్రం నడుమన చెరువు పడిన రోజు నీళ్ళు శుభ్రం. అంచున పడిన రోజే ఎరుపు.

"జర నాకు సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా" అన్నాను.

ఎండలో బకెట్ నీళ్ళు పెట్టి, వివేక్ కెమెరాకు తగిలించే, తళుకు తగ్గించే నల్లద్దాన్ని నా కంటి ముందు పట్టి తిప్పింది. నీళ్ళ మీది మెరుపు ఒక వాటంలో మాయమై, ఇంకో వాటంలో తిరిగొచ్చింది.

"వెలుగుకీ వాటం ఉంటుంది పిన్నిగారూ. ఉపగ్రహం చాలా వెడల్పు చూస్తుంది. అంచుల్లో గాలిలోంచి ఏటవాలుగా వచ్చే వెలుగు ఒక వాటానికి మొగ్గుతుంది. లోపలి అద్దం కొన్ని వాటాల్నే బాగా పట్టుకుంటుంది. ఆ తేడా నాచులా కనిపిస్తుంది, దాన్ని తీసేసి చూడాలి. నేను తియ్యకుండానే పంపేశాను."

"గంతేనా? గంతదానికి మనిషి దవడ పోయిందా?"

"అంతే."

ఆఫీసువాళ్ళు సవరించిన పటం పెట్టి ఊరుకున్నారు. రవళి పెంటయ్య ఇంటికే వెళ్ళి, తప్పు తనదని చెప్పింది. తీగలు కట్టిన దవడతో అతను మాట్లాడలేకపోయాడు. కొడుకు రాకేశ్ ఆమె మాట పూర్తికానివ్వలేదు. తూకపు రాయెత్తి కొట్టాడు. అడ్డం పెట్టిన చెయ్యి విరిగింది. పడిపోయాక సుత తన్నాడు. చివరికి పెంటయ్యే కొడుకు కాళ్ళు పట్టి లాగాడు.

ఆస్పత్రికి పోలీసులొస్తే రవళి ఫిర్యాదు లేదంది. వాణ్ణి లోపల వేయిస్తానని వివేక్ మొత్తుకున్నా వినలేదు. దాంతో మొగుణ్ణే కాపాడుతోందని వీధి తేల్చేసింది.

నేను ఉండబట్టలేక కట్టు మార్చే వేళ అడిగేశాను.

"పెంటయ్యను కొట్టినోళ్ళు దొరకలే. వీడన్నా దొరికిండు. ఎందుకిడిసినవ్?"

"రాకేశ్ తప్పు చేసిన మనిషిని చూసి కొట్టాడు పిన్నిగారూ. వాళ్ళు నా పటం చూసి కొట్టారు."