పసుపు బొట్టు పెట్టిన బ్రష్షులు

ఆ రోజుల్లో పళ్ళు తోముకోవడం ఎలాగో ఎవరూ ఎవరికీ నేర్పేవారు కారు. పొయ్యిలో బూడిద ఉండేది, చేతికి వేలు ఉండేది, తెల్లవారేసరికి రెండూ నోట్లో కలుసుకునేవి. ఇప్పుడు మా మునిమనవరాలి బ్రష్షుకి దీపం ఉంది, పాట ఉంది, రెండు నిమిషాలు కాగానే అదే ఆగిపోతుంది. (గడియారం పెట్టి చూశాను. నూట పదిహేడు సెకన్లకే ఆగుతోంది. మనవరాలితో అంటే "పోనీలే అమ్మమ్మా, మూడు సెకన్లేగా" అంది. మూడు సెకన్లు పోనివ్వడం నాకు చేతకాదు.) ఈ లెక్కల జబ్బు నాకు ముసలితనంలో వచ్చింది కాదు. ఇరవై రెండో ఏటికే బాగా ముదిరి ఉంది. దానివల్ల ఒకసారి నా పరువు పోయి, ఉద్యోగం మిగిలింది.

మాది రాజాం వైపు, వరి పండించే ఇల్లు. నాకు మొదటి ఉద్యోగం భావనపాడు దగ్గర ఒక మత్స్యకారుల ఊళ్ళో వచ్చింది. బడిలో ఒకటో తరగతి నాది, ముప్పై ఒక్క మంది పిల్లలు. ఉద్యోగం తాత్కాలికం. ఆరు నెలలు చూసి, పై అధికారి బాగుందని రాస్తే ఖాయం. రాయకపోతే రేకు పెట్టె పట్టుకుని వచ్చిన బస్సే ఎక్కాలి. ఇంట్లో జీతం కోసమని చెప్పాను గాని, అసలు సంగతి వేరు. నేను గంట కొడితే ముప్పై ఒక్క మంది నోరు మూస్తారు, రిజిస్టరు తెరిస్తే ముప్పై ఒక్క మంది నిటారుగా కూర్చుంటారు. ఆ రుచి మరిగినదాన్ని మళ్ళీ ధాన్యం ఎండబోసుకోవడానికి ఎలా వెళ్ళను?

అయిదో నెలలో పైనుంచి ఒక కాగితం వచ్చింది. పిల్లలకు పళ్ళు తోముకునే అలవాటు నేర్పాలి, మూడు వారాల తరవాత అధికారి వచ్చి పరీక్షిస్తారు, ఆ నివేదిక నా ఫైల్లో చేరుతుంది. కాగితం వెనకే పార్సెల్ వచ్చింది. అందులో యాభై బ్రష్షులు, అన్నీ పెద్దవాళ్ళవే. (మా పిల్లల నోట్లో పెడితే బ్రష్షు బుగ్గలోంచి బయటికి వస్తుందేమో అనిపించింది.) పేస్టు తరవాతి విడతలో వస్తుందని రాశారు. ఆ విడత ఇంకా రాలేదు. బ్రష్షులతో పాటు గోడకు తగిలించే బొమ్మ ఒకటి పంపారు. ఉంగరాల జుట్టు పిల్లాడొకడు ఆపిల్ పండు పట్టుకుని ఇకిలిస్తుంటాడు. మా తరగతి ముందు వరుసలో ఒక ఆరేళ్ళ గుంట ఉండేది, ఏది చెప్పినా ఎదురు ప్రశ్న వేసేది కాబట్టి లాయరమ్మ అని పిలిచేదాన్ని. అది బొమ్మను కాసేపు పరకాయించి "టీచరమ్మా, ఆ గుంటడు టమాటాని ఉత్తినే తినేస్తన్నాడేటి?" అని అడిగింది.

నేను వెనకడుగు వేసే రకం కాదు. రెండు నిమిషాలంటే నూట ఇరవై సెకన్లు. మా వాళ్ళకు ఇరవై వరకే వచ్చు. అంచేత ఇరవై చొప్పున ఆరు విడతలుగా నోటిని పంచాను. పై కుడి, పై మధ్య, పై ఎడమ, కింద కూడా అలాగే. తరగతిలో గాలిలో బ్రష్షులు ఊపుతూ రోజూ సాధన చేయించి, బ్రష్షులు ఇళ్ళకు పంపాను. మర్నాటి నుంచి రిజిస్టరు. "బ్రష్షుతో తోముకున్నవాళ్ళు చెయ్యెత్తండి." ఎత్తనివాళ్ళు మొదటి పీరియడంతా నిలబడాలి. మొదటి రోజు తొమ్మిది చేతులు లేచాయి. రెండో రోజు ఇరవై అయిదు. మూడో రోజుకి ముప్పై ఒకటి. అక్కడినుంచి ఒక్క చెయ్యి తగ్గలేదు. పన్నెండు పని దినాలకు మొత్తం మూడు వందల నలభై నాలుగు. ఎర్ర సిరాతో కింద రెండు గీతలు గీసి, నన్ను చూసి నేనే మురిసిపోయాను.

అధికారి శనివారం జీపులో వచ్చారు. పిల్లలు ఆయనకి జీపు సారని పేరు పెట్టేశారు. దవడలో కిళ్ళీ ఉంది. వరండాలో ఒకసారి ఉమ్మి వచ్చి, పళ్ళ శుభ్రత గురించి పది నిమిషాలు మాట్లాడి, "ఏవీ, బ్రష్షులు చూపించండి" అన్నారు.

ముప్పై ఒక్క చేతులు లేచాయి. ప్రతి బ్రష్షు పిడికీ పసుపు రాసి ఉంది, పసుపు మీద కుంకుమ బొట్టు. కొన్నిటికి దారం కూడా కట్టారు. కుచ్చులు మాత్రం పార్సెల్లోంచి తీసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఒక్క పోగు వంగలేదు.

"ఇదేమిటండీ?" అన్నారు జీపు సారు నాతో. నాకేం తెలుసు?

లాయరమ్మ లేచింది. "ఇంకా నోట్లో ఎట్టలేదు సారూ. మంగళారం అమ్మోరి పండగ. అప్పుడు సూపించినాక ఎడతాం."

"మరి రోజూ దేంతో తోముకుంటున్నారు?"

"కచ్చికతోటి" అని పిడకల బొగ్గు అంటిన నల్లటి చూపుడు వేలు చూపించింది.

"బ్రష్షుతోనే అని రోజూ చెయ్యెత్తావు కదే!" అన్నాను.

"ఎత్తకపోతే నిలబెడతన్నావు కదా టీచరమ్మా. కాళ్ళు పీకవేటి?"

అప్పటికే కిటికీ దగ్గరికి దాని అమ్మమ్మ చేరింది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చడం ఆ వైపు ముసలమ్మల అలవాటు. అడ్డపొగ అంటారు. ఈవిడ పేరే అడ్డపొగ అమ్మమ్మ. "ఏటమ్మా, గుంటని కసురుతన్నావు? కొత్త వలైనా పసుపెట్టి గంగమ్మకి సూపించకుండా నీట్లో దించుతామేటి? పడవైనా అంతే. ఇది నోట్లో ఎట్టుకునే సరుకు! ఊరికే ఇచ్చినారని ఊరికే ఎట్టేసుకుంటామేటి?"

"ముందు ఆ చుట్ట తీసి మాట్లాడు" అన్నారు జీపు సారు.

"తియ్యకుండానే మాటాడతన్నాను కదా బాబూ. నీ పళ్ళు ఇటకబట్టీ నాగున్నాయి. ముందు నువ్వోటి అట్టుకెల్లు."

ఆయన చటుక్కున నోరు మూసి, నా రిజిస్టరు తెరిచారు. వేలు నేరుగా ఎర్ర గీతల మీదికే వెళ్ళింది. "మరి ఈ మూడు వందల నలభై నాలుగు?"

నా రేకు పెట్టె కళ్ళముందు కదిలింది. అయినా తప్పు అంకెను చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. "తప్పండీ. సున్నా అని ఉండాలి" అని కలం తీశాను.

జీపు సారు నా చెయ్యి పట్టుకోబోయి, ఆడపిల్లనని గుర్తొచ్చి కలం పట్టుకున్నారు. "ఏం చేస్తున్నారు? కొట్టివేతలున్న రిజిస్టరు పైకి పోదు. నూటికి నూరని నిన్ననే రాసి పంపించేశాను."

"నిన్ననా? చూడకుండానా?"

"చూడటానికే కదమ్మా ఇవాళ వచ్చాను!"

"కానీ అది అబద్ధమండీ."

"పిల్లలు చెప్పారు, మీరు కూడారు. కూడిక తప్పా?"

"కూడిక ఒప్పేనండీ."

"మరింకేం" అని సంతకం పెట్టి, 'కృషి ప్రశంసనీయం' అని రాసి, రిజిస్టరు చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. ఉద్యోగం ఖాయమైంది. వెంటపడి రిజిస్టరు లాక్కోవలసింది. లాక్కోలేదు. ఎదురుగా ముప్పై ఒక్క మంది నన్నే చూస్తుంటే బల్ల మీద సుద్దముక్కలు సర్దుకున్నాను.

మంగళవారం సాయంత్రం అడ్డపొగ అమ్మమ్మే కబురు పెట్టింది. ఒడ్డున డప్పులు మోగుతున్నాయి. అమ్మవారి ముందు కొత్త వలలు, వలల మీద చేటలో ముప్పై ఒక్క బ్రష్షులు. పూజారి అన్నిటి మీదా ఒకేలా నీళ్ళు చల్లాడు. ఆ తరవాత పిల్లలంతా బిందె చుట్టూ చేరి, నేను చెప్పకుండానే ఒకటి నుంచి ఇరవై వరకు లెక్కపెడుతూ మొదలుపెట్టారు. ఆరు ఇరవైలూ పూర్తిచేశారు. పేస్టు లేదు కాబట్టి నురగ సంగతి సముద్రమే చూసుకుంది. "ఓలమ్మ, నానేటి పాపం సేసినాను? నాకూ ఓటియ్యి" అని అమ్మమ్మ కూడా, చుట్ట ఆర్పి కొప్పులో దోపుకుని, నా సంచిలో మిగిలిన బ్రష్షుల్లో ఒకటి అడిగి తీసుకుని, అమ్మవారికి చూపించి తోముకుంది. మొత్తం ముప్పై రెండు.

ఆ అంకె ఏ రిజిస్టరులోనూ లేదు. ఆ తరవాత సర్వీసంతా ఎన్నో లెక్కలు పైకి పంపాను. ప్రతిదానికీ కూడిక సరిపోయింది. కళ్ళారా చూసి వేసిన లెక్కలు మాత్రం తక్కువ. ఆ ఇరవై రెండేళ్ళ టీచరమ్మ ఇప్పుడు ఎదురుపడితే చెవి మెలేసి అడుగుతాను, "చెయ్యెత్తమన్నావు గాని, ఒక్క పొద్దున్నయినా వాళ్ళ గడపకి వెళ్ళి చూశావుటే?" అని. అది తల దించుకుంటుంది. తరవాత, నాకు తెలుసు, మెల్లిగా అడుగుతుంది, "ఆ ముప్పై రెండులో నన్ను కలిపావా?"

లేదమ్మా. ఆ సాయంత్రం నువ్వు తోముకోలేదు. లెక్కపెడుతూ ఉండిపోయావు.