బస్సు ఆసుపత్రిలోకి తిరిగిన రోజు

మాది నగరి. పవర్‌లూమ్ మీద చీరలు నేస్తాను. రెండేళ్ళ కిందట నాయనకు కళ్ళ పరీక్ష చేయించాలని ఆయన్ని వెంటబెట్టుకుని తిరుపతి బస్సెక్కాను. ఎన్నికల రోజులవి. పక్క సీట్లోని పెద్దాయన తన పార్టీని పొగుడుతుంటే ఊరుకోలేకపోయాను. మాటామాటా పెరిగి ఇద్దరం లేచి నిలబడ్డాం.

"మీ నాయకులు మాకు సేసిందేముండాది? నూలు ధర సూస్తివా?" అని నేను అరుస్తుండగానే నాయన గుండె పట్టుకుని సీట్లో ఒరిగిపోయాడు. ఒళ్ళంతా చెమటలు. "నాయనా, నాయనా" అంటూ భుజం పట్టి కుదిపాను.

నాతో గొడవపడిన పెద్దాయనే నాయన చొక్కా గుండీలు విప్పి, తల ఒడిలోకి తీసుకున్నాడు. "డ్రైవరన్నా, యాడా ఆపొద్దు. నేరుగా పుత్తూరు ఆసుపత్రికి పోనీ" అన్నాడు. కండక్టరమ్మ ప్రయాణికుల వైపు చూసింది.

"మా స్టాపులు తర్వాత సూసుకుంటాంలేమ్మా, పోనీండి" అంది పూలగంపతో ఉన్న ఒకామె. ఎవరూ కాదనలేదు. బస్సు సర్కారు ఆసుపత్రి గేటు దాటి లోపలికే వెళ్ళింది. ఒక్క కాగితం అడగకుండా వెంటనే ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టరుగారు.

పెద్దాయన సాయంత్రం దాకా నాతోనే ఉన్నాడు. వెళ్తూ, "ఓటు మాత్రం మా పార్టీకే ఎయ్యప్పా" అని నవ్వాడు.

"అది జరగదులే పెద్దాయనా" అన్నాను, ఆయన చేతులు వదలకుండా.

నాయకుల మీద నా కోపం నేటికీ తగ్గలేదు. కానీ దేశమంటే వాళ్ళొక్కరే కాదు. పరాయి మనిషి ప్రాణం కోసం తమ ప్రయాణం పక్కనపెట్టిన ఆ బస్సెడు జనం కూడా. వాళ్ళలో ఒకణ్ణయినందుకు నాకు గర్వంగా ఉంది.