మునిగిన బండి

ఒక మనిషి తాను చేయని తప్పును నెత్తిన పెట్టుకుని ఏళ్ళ తరబడి బతికాడు. ఆ తప్పు నాది. ఆయన మోస్తున్నాడని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. నా బరువు మాత్రం ఎవరికీ కనపడలేదు. నేను పొద్దున్నే లేచేవాణ్ణి, షెడ్డు తెరిచేవాణ్ణి, వచ్చినవాళ్ళకు టీ తెప్పించి నవ్వుతూ మాట్లాడేవాణ్ణి. అన్నం తినేటప్పుడు ఒక్కోసారి ముద్ద గొంతులో ఆగేది. అంతే. మా ఇంట్లోవాళ్ళు గ్యాసు అనుకునేవాళ్ళు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను అనంతపురంలో పాత కార్లు అమ్ముతాను. తాడిపత్రి రోడ్డులో, ఊరు దాటాక, ఒక రేకుల షెడ్డు నాది. అంతకుముందు చాలాకాలం ఒక జపాన్ కంపెనీ షోరూములో సేల్స్‌మన్‌గా చేశాను. ఆ కంపెనీ పేరు రాయను. దాని తప్పేమీ లేదు. నిజం చెప్పాలంటే ఆ కంపెనీ అంటే నాకు ఒక పిచ్చి. కొత్తగా చేరినప్పుడు ట్రైనింగులో దాని చరిత్ర చెప్పారు. మొదట్లో వాళ్ళు మగ్గాలు చేసేవాళ్ళట. బట్ట నేసే మగ్గాలు. ఆ తర్వాత ఇంజన్ల మీద పడ్డారు. యుద్ధంలో దేశం బూడిదయ్యాక చిన్న చిన్న బండ్లతో మళ్ళీ లేచి, సముద్రాలు దాటి మన దాకా వచ్చారు. మిగతావాళ్ళు ఆ క్లాసులో కునికిపాట్లు పడ్డారు. నాకు మాత్రం అది మనసులో నిలిచిపోయింది.

కొన్నవాళ్ళంతా మెచ్చుకున్నారని కాదు. బండి తీసుకున్న ఒక హెడ్మాస్టరు, రిటైరయ్యాక కూడా, అది ఒక్కరోజు మొరాయించలేదని కనపడినప్పుడల్లా చెప్పేవారు. తాడిపత్రిలో బండల పాలిషు ఫ్యాక్టరీ ఉన్న ఒకాయన మాత్రం నన్ను చూస్తే చాలు తిట్లు అందుకునేవాడు. రేకు పల్చన అనేవాడు, స్పేరు పార్టు రావాలంటే బెంగుళూరు వైపు చూసుకుంటూ కూర్చోవాలనేవాడు. యాడికి అనే ఊరి నుంచి వచ్చే ఒక వేరుశెనగ రైతుకు బండి అడుగు పొలం గట్లకు తగిలేది. అయినా దాన్ని అమ్మమంటే అమ్మేవాడు కాదు. అదొక బంధం. ఇష్టమూ తిట్టూ రెండూ ఉండే బంధం. నేను సొంతంగా షెడ్డు పెట్టుకున్నప్పుడు ఆ కంపెనీ పాత బండ్లే ఎక్కువగా తెచ్చి అమ్మేవాణ్ణి.

సముద్రం పక్కనున్న ఒక పెద్ద పట్నంలో వరదలొచ్చిన ఏడాది అది. వీధుల్లో కార్లు పడవల్లా తేలడం టీవీలో అందరమూ చూశాం. ఇన్సూరెన్సువాళ్ళు వదిలేసుకున్న బండ్లను ఏజెంట్లు కొని, కడిగి, ఆరబెట్టి, దూరపు ఊళ్ళకు తోలేవాళ్ళు. ఒక ఏజెంటు నాకు ఫోన్ చేశాడు. ఆ కంపెనీదే, ఏడుగురు కూర్చునే బండి, టాక్సీకి బాగుంటుందన్నాడు. చవకగా ఎందుకిస్తున్నావని నేను అడగలేదు. అడగకపోవడంలోనే నాకు జవాబు తెలుసు.

బండి వచ్చింది. తలుపు తెరిస్తే వాసన. కుళ్ళిన గోనెసంచి లాంటి వాసన. సీటు బోల్టుల చుట్టూ తుప్పు. కార్పెట్టు మార్పించాను, సీట్లకు కొత్త కవర్లు కుట్టించాను. వాసన పోలేదు. కొన్నాళ్ళపాటు అద్దాలు బిగించి లోపల సాంబ్రాణి పొగ వేశాను. ఏమాటకామాటే చెప్పాలి, ఆ పని చేస్తున్నప్పుడు నాకు భయం వేయలేదు. ఒక రకమైన ధైర్యం కూడా ఉండింది. మా జిల్లాలో వాన కోసం మొగులు వైపు చూసేవాళ్ళే గాని, వరద చూసినవాళ్ళెందరు? మునిగిన బండి ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికి తెలుస్తుంది? కరువును కూడా నేను నా వ్యాపారానికి వాడుకున్నాను.

ఆ బండి కోసం వచ్చినవాడు నారాయణప్ప. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. పవర్‌లూములు వచ్చాక చేతిమగ్గం మీద పూట గడవక, మగ్గం తీసేసి టాక్సీ తోలుకుందామనుకున్నాడు. డ్రైవింగు నేర్చుకున్నాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు. భార్య చౌడమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె సన్నగా, నిటారుగా ఉండేది. పెద్దగా మాట్లాడేది కాదు. ఆయనేమో బండి చుట్టూ తిరుగుతూ, చెయ్యి వేయడానికి కూడా జంకుతున్నాడు. నేత మానేసినందుకు ఆయనలో ఏదో సిగ్గు ఉందని నాకు కనిపించింది. కనిపించింది కాబట్టే ఆ మాట అన్నాను.

"ఈ కంపెనీవాళ్ళు మొదట్లో ఏం చేసేవాళ్ళో తెలుసా నారాయణప్పా? మగ్గాలు."

ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. చాలా రోజుల తర్వాత సొంతవాళ్ళు ఎదురైనట్టు చూశాడు.

"నిజమానన్నా? మగ్గం చేసినోళ్ళా? అయితే మన కులపోళ్ళే అనుకో!" అని నవ్వి, మొదటిసారి బండి మీద చెయ్యి వేశాడు.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ మాట నిజమే. కాని మోసం చేయడానికి నాకు నిజమే పనికొచ్చింది. ఇష్టపడి నేర్చుకున్న ఒక మంచి మాటను గాలానికి ఎరగా గుచ్చాను. ఇది తలుచుకున్నప్పుడు, బండి కంటే ముందు నేనే ఎక్కడో మునిగాననిపిస్తుంది.

చౌడమ్మ వెనక సీటులో కూర్చుంది. కింద చెయ్యి పెట్టి తడిమింది. తర్వాత దిగి వచ్చి నాకు వేళ్ళు చూపించింది. పిండిలాంటి మన్ను, నల్లగా.

"ఈ మన్ను యాడిదన్నా? మన పక్క మన్ను ఎర్రగా గదా ఉంటాది."

నా నోరు ఆలోచించనే లేదు. "దీన్ని అమ్మినాయనది తాడిపత్రి పక్కమ్మా. ఆడంతా నల్లరేగడి" అన్నాను.

ఆమె నన్ను చూసింది. అనుమానంతో కాదు. సరే, నువ్వు చెప్పినావు కదా అన్నట్టు. చీర కొంగుకు వేళ్ళు తుడుచుకుంది.

ఆ ఒక్క క్షణం నాకు దొరికింది. "వద్దులేమ్మా, ఈ బండి మీకు వద్దు" అనడానికి ఎంతసేపు పడుతుంది? అంత చిన్న మాట. నేను మంచివాణ్ణేనని అప్పటిదాకా నమ్మేవాణ్ణి. మంచివాడికి ఆ మాట ఎందుకు రాలేదు?

మొదట్లో బండి బాగానే తిరిగింది. పుట్టపర్తికి, బెంగుళూరు ఎయిర్‌పోర్టుకు బాడుగలు తోలేవాడు. ఆ తర్వాత మొదలైంది. అద్దాలు వాటంతటవే దిగేవి. వాన లేకుండానే వైపర్లు ఆడేవి. లోపల వైర్లు తుప్పు పట్టిపోతున్నాయని నాకు తెలుసు. ఆయనకు తెలియదు. దిష్టి తగిలిందని ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. నా దగ్గరికి తెస్తే, నేను మెకానిక్కును పిలిపించి ఊరికే బాగు చేయించి పంపేవాణ్ణి. భయంతో చేసిన పని అది. ఆయన దాన్ని మంచితనం అనుకున్నాడు. అమ్మినాక కూడా ఇంత బాగా చూసుకునేవాడు ఎవడుంటాడని ధర్మవరమంతా చెప్పాడు. ఆయన మాట మీద నా దగ్గరికి బేరాలొచ్చాయి. ఆ బేరాలు కూడా నేను వద్దనలేదు.

అది ఎండాకాలం, మధ్యాహ్నం. ఇంట్లో పని చేసుకుంటూ చౌడమ్మ గుండె పట్టుకుని కూలబడింది. నారాయణప్ప ఆమెను వెనక సీటులో పడుకోబెట్టుకుని బత్తలపల్లె ఆసుపత్రికి బయల్దేరాడు. దారిలో బండి ఆగిపోయింది. ఇంజను ఆగడమే కాదు, మొత్తం చచ్చిపోయింది. అద్దాలు దిగలేదు. వెనక తలుపులు తెరుచుకోలేదు. ఆయన ముందు తలుపులోంచి బయటపడి, రాయి తీసుకుని అద్దం పగలగొట్టి, ఆమెను బయటికి లాగాడు. ఆ ఎండలో రోడ్డు మీద బండ్లు లేవు. చాలాసేపటికి టమోటాలు తోలుకుపోయే ఒక ఆటోవాడు ఆపి, బుట్టలు దించేసి, ఇద్దరినీ ఎక్కించుకున్నాడు.

ఆసుపత్రికి చేరేసరికి ఆమె లేదు.

వేళకు తెచ్చి ఉంటే బతికేదా? డాక్టరు చెప్పలేమన్నాడట. ఆ "చెప్పలేము" అన్న మాటను నేనెంత వాడుకున్నానో మీకు చెప్పలేను. బతికేది కాదేమో. గుండెపోటు పెద్దదేమో. బండి బాగున్నా దారిలోనే పోయేదేమో. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుని దాని వెనక దాక్కునేవాణ్ణి. కాని అద్దం వెనక, ఆ వేడిలో, మగడు బయట రాయి కోసం వెతుకుతుంటే ఆమె కళ్ళు తెరిచి ఉందా మూసి ఉందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, పేర్చుకున్నదంతా కూలిపోయేది.

మూడో దినం వాళ్ళింటికి పోయాను. పోకపోతే అనుమానిస్తారని పోయానా, బాధతో పోయానా? రెండూ అయ్యుండొచ్చు. నన్ను చూడగానే నారాయణప్ప నా చేతులు పట్టుకున్నాడు.

"తప్పు నాదేనన్నా" అన్నాడు. "వైరింగు ఒకతూరి పూర్తిగా చూపించమని మెకానిక్కు చెప్పినాడు. బాడుగలు పోతాయని రేపు మాపు అంటా తిరిగితి. బంగారమట్లా బండిని నువ్విస్తే నేను పాడుచేసుకుంటి. నా చేతులతో నేనే నా పెండ్లాన్ని చంపుకుంటిని."

నా చేతులు ఆయన చేతుల్లోనే ఉన్నాయి. చుట్టూ జనం ఉన్నారు. నేను ఏమన్నానో తెలుసా? "ఊరుకో నారాయణప్పా, మన చేతుల్లో ఏముండాది" అన్నాను.

మునిగిన బండిని అమ్మడం ఒక తప్పు. దానికి ఆశ అని పేరు పెట్టొచ్చు, వ్యాపారం అని పెట్టొచ్చు. ఈ రెండోదానికి నాకు పేరు దొరకలేదు. భార్య పోయినవాడు నేనే చంపానని ఏడుస్తుంటే, కాదని చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి పక్కనే కూర్చుని ఓదార్చాడు.

ఆయన ఆ బండి మళ్ళీ ఎక్కలేదు. నేనే తెప్పించుకుని, ఎవరికీ అమ్మకుండా ముక్కలు చేయించి తుక్కుకు పంపాను. ఆ పని చేశాక కొన్నాళ్ళు హాయిగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. ఆయన ఒక పవర్‌లూము షెడ్డులో కూలికి చేరాడని విన్నాను. కారు ఎక్కనే ఎక్కడట. పెళ్ళికి పిలిచినా, చావుకు పిలిచినా బస్సులోనే పోతాడట.

ఇన్నేళ్ళు గడిచాక, మొన్న వేసవిలో, ఆయన నా షెడ్డుకు వచ్చాడు. జుట్టంతా నెరిసిపోయింది. కూతురి మొగుడిని వెంటబెట్టుకొచ్చాడు. అతను డ్రైవరు, సొంతబండి కొనుక్కోవాలనుకుంటున్నాడు.

"వేరే యాడికీ పోవద్దు, అన్న దగ్గరికే పోదామంటినన్నా" అన్నాడు నాతో. తర్వాత అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇదే కంపెనీ బండి తీసుకో అప్పా. కానీ బాగా చూసుకోవాల. నా మాదిరి చెయ్యొద్దు. బండి మంచిదే. నేనే చెడ్డోణ్ణి."

అల్లుడు తల వంచుకున్నాడు. ఆ మాట అతను ఎన్నోసార్లు విన్నాడని తెలుస్తూనే ఉంది. ఇంట్లో అందరూ విని ఉంటారు. చౌడమ్మ కూతురూ వినే ఉంటుంది. మా నాయనే మా అమ్మను చంపాడని లోలోపల అనుకుంటూనే ఆయనకు అన్నం పెట్టి ఉంటుంది. నాకు అప్పటిదాకా ఆ బిడ్డ గురించి తోచనే లేదు.

కుర్చీలో కూర్చున్నాను.

"నారాయణప్పా, ఆ బండి వరదల్లో మునిగినది. నాకు తెలుసు. తెలిసే నీకు అమ్మినాను."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అంతా చెప్పాను. సాంబ్రాణి సంగతి, మన్ను సంగతి, వైర్ల సంగతి. వైరింగు ఎన్నిసార్లు చూపించినా అది ఎప్పుడో ఒకరోజు ఆగేదేనని చెప్పాను. అల్లుడు నా చొక్కా పట్టుకుని లేపాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. నారాయణప్ప అతని చెయ్యి విడిపించాడు. నన్ను కాపాడడానికి కాదు. నన్ను సరిగ్గా చూడడానికి.

"మూడో దినం మా ఇంటికి వస్తివే" అన్నాడు. గొంతు పెంచలేదు. "నా చేతులు పట్టుకుని కూర్చుంటివే. అప్పుడన్నా చెప్పొచ్చు గదా?"

భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"చెప్పింటే, నా బిడ్డ మొహం నేను తలెత్తి చూసుకుంటా ఉంటి గదన్నా."

బయటికి నడిచాడు. రోడ్డు పక్క కంపచెట్టు నీడలో చతికిలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పెద్దగా, ఊళ్ళో ఆడవాళ్ళు ఏడ్చినట్టు ఏడ్చాడు. ఆమె పోయిన మూడో దినం కూడా ఆయన అలా ఏడవలేదు. అప్పుడు ఆయనకు తనను తిట్టుకోవడానికే సరిపోయింది. నేను నీళ్ళ బాటిలు తీసుకుని సగం దూరం పోయి ఆగిపోయాను. అల్లుడు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత వాళ్ళ నుంచి మాట లేదు. పోలీసులు రాలేదు. ఎవరూ నా షెడ్డు మీద రాళ్ళు వేయలేదు. నేను వాళ్ళింటికి పోలేదు. పోయే హక్కు నాకు లేదనిపించింది. ఇది కూడా పిరికితనమేనా? ఏమో. నాకు పిరికితనానికీ మర్యాదకీ తేడా తెలియడం ఎప్పుడో పోయింది.

ఒక్కటి మాత్రం దాచను. వాళ్ళు వెళ్ళిన సాయంత్రం ఇంటికి పోయి అన్నం తిన్నాను. ముద్ద గొంతులో ఆగలేదు. నాకు సిగ్గేసింది. అయినా తిన్నాను. ఒక ఇంట్లో ఇన్నేళ్ళు నిప్పు పెట్టి ఉంచినవాడికి, ఆ సంగతి చెప్పినందుకే ఇంత తేలిక దొరకవచ్చా? దొరకకూడదు. దొరికింది.

చౌడమ్మను చంపింది ఆమె మొగుడు కాదు. ఈ మాట ఆయనతో చెప్పాను, ఆయన అల్లుడు విన్నాడు, ఇప్పుడు మీకూ చెప్పాను. ఆ కూతురి చెవిన కూడా పడే ఉంటుంది.