మేస్త్రి కుడిభుజం

ఆయన్ని అందరూ రంగుల మేస్త్రి అనే పిలిచేవారు. బాగా పొడుగు మనిషి. అందుకే ఏ ఇంట్లో రంగుల పని పట్టినా పైకప్పులు ఆయనవి, తలుపులూ కిటికీలూ బామ్మర్దివి. బామ్మర్ది మనిషి పొట్టి, నోరు పొడుగు. వాళ్లిద్దరూ పనిలో ఉంటే ఆ ఇంటివాళ్లకి రేడియో అక్కర్లేదు.

ఒకరోజు పాత చెక్కలో ఉన్న తుప్పుమేకు మేస్త్రి అరికాల్లో దిగింది. గుడ్డ చుట్టుకుని మిగిలిన గది పూర్తి చేద్దామనుకున్నాడు. బామ్మర్ది ఒప్పుకోలేదు.

"నీకు ధనుర్వాతం వస్తే అక్క నన్ను బతకనిస్తుందా బావా? నడు."

వీధి చివర క్లినిక్కు జనంతో కిటకిటలాడుతోంది. ధనుర్వాతం టీకా వేయించుకోమన్నారు. మేస్త్రి బల్ల మీద కూర్చున్నాడు, నర్సమ్మ నిలబడి ఉంది. చొక్కా చెయ్యి బిగుతుగా ఉండి పైకి మడత పడలేదు. ఆవిడ కాలరు పక్కకి లాగి, కుడిభుజం పైన బయటపడిన చోట సూది గుచ్చింది. వేయాల్సిన చోటు ఇంకాస్త కింద, కండ ఉన్న దగ్గర. ఆ సంగతి అప్పుడు మేస్త్రికి తెలియదు. చురుక్కుమంది, అంతే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున చొక్కా తొడుక్కోబోతే కుడిచెయ్యి లేవలేదు. భార్య వచ్చి చంటిపిల్లాడికి తొడిగినట్టు తొడిగింది. "టీకా నొప్పి, రెండ్రోజుల్లో పోతుందిలే" అంది. అది పోయే రకం కాదు. రోలరు ఎత్తితే భుజంలో ఎవరో మేకు కొడుతున్నట్టు ఉండేది. దగ్గర్లోని డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన మొదట అడిగింది ఏం పని చేస్తావని. రంగుల పని అనగానే, "అదీ సంగతి. పని వల్ల అరిగింది" అని మాత్రలు రాసిచ్చాడు. టీకా ఊసు మేస్త్రి ఎత్తలేదు, ఆయన అడగలేదు.

నెలలు గడిచాయి. చివరికి ఎముకల డాక్టరు స్కానింగు తీయించాడు. కీలులో వాపు ఉంది, చెయ్యి ఎత్తే కండని ఎముకకి పట్టి ఉంచే పట్టీ ఒకటి చిరిగి ఉంది. ఆయన చాలాసేపు చూసి, "ఈ చేతికి ఈమధ్య ఇంజెక్షన్ ఏమైనా చేయించుకున్నారా?" అని అడిగాడు. సూది కీలులోకి దిగితే అరుదుగా ఇలా అవుతుందని చెప్పాడు. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అలా మొదలైంది కేసు.

లాయరమ్మ నెమ్మదస్తురాలు. మొదటిరోజే ఉన్నమాట చెప్పేసింది. "టీకా తర్వాత వచ్చింది అంటే సరిపోదు మేస్త్రిగారూ. టీకా వల్ల వచ్చింది అనాలి. తర్వాత వేరు, వల్ల వేరు. కాకి వాలింది, తాటిపండు రాలింది అంటారు అవతలివాళ్లు. కాకి బరువుకే రాలిందని మనం చూపించాలి."

"కాకిని సాక్షిగా పిలిపిద్దాం" అన్నాడు బామ్మర్ది.

"నువ్వు ఊరుకోరా" అంది భార్య.

"అంతకుముందు మీ భుజం బాగుండేదనడానికి ఏముంది?" అని అడిగింది లాయరమ్మ.

"భుజం బాగుందని చెప్పుకోడానికి డాక్టరు దగ్గరికి ఎవరెళ్తారమ్మా?" అన్నాడు మేస్త్రి. ఆవిడకీ నవ్వొచ్చింది. కానీ ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

తర్వాతంతా వాయిదాలు. ఒకసారి అవతలి లాయరు రాలేదు, ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి డాక్టరుకి ఆపరేషను. మేస్త్రి కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుని పైకప్పుకేసి చూసేవాడు. తడి ఆరకముందే కొట్టిన రంగు, పొలుసులు పొలుసులుగా లేచింది. మొదట్లో దాన్నెలా గీకాలో, ముందు ఏ పూత వేయాలో లోపల్లోపల లెక్కేసుకునేవాడు. రాన్రానూ అదీ మానేశాడు.

విచారణ దగ్గరపడిన రోజుల్లో, ఆ బెంచీ మీదే, బామ్మర్ది నోరు జారాడు. "బావా, సినిమా హాలు పనిలో నువ్వు సారవ కర్రల మీంచి పడ్డావు కదా. అదీ ఈ భుజమేగా?"

మేస్త్రి పైకప్పు మీంచి చూపు దించాడు. పడ్డమాట నిజమే. పెళ్లయిన కొత్తలో. ఏ వైపు పడ్డాడో నిజంగా గుర్తులేదు. "ఎడమనుకుంటా" అన్నాడు.

భార్య నేలచూపులు చూస్తూ అంది. "కుడే. తగ్గేదాకా నీకు అన్నం కలిపి పెట్టింది నేనేగా."

బామ్మర్ది నాలిక్కరుచుకున్నాడు. తర్వాత ఆవిడే, "ఎవరికి తెలుసు? పాత సంగతి. అడిగితే చూద్దాం" అంది.

"అడిగాక చెబితే దాచినట్టుంటుంది" అన్నాడు మేస్త్రి. అతనేదో సత్యహరిశ్చంద్రుడని కాదు. దాచుకోడానికి కూడా ఓపిక ఉండాలి. ఆ ఓపిక అప్పటికే అయిపోయింది.

లాయరమ్మ విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మనమే ముందు చెబుదాం" అంది, అంతే.

కోర్టులో అవతలి లాయరు ఆ పడటాన్ని వదిలిపెట్టలేదు. ఆయన తెచ్చిన పెద్ద డాక్టరు మర్యాదస్తుడు. పాత దెబ్బకి చిరిగిన పట్టీ ఏళ్లతరబడి బాధ తెలియకుండా ఉండొచ్చన్నాడు. ఏళ్లతరబడి చేతులు పైకెత్తి పనిచేసేవాళ్లకి దెబ్బ లేకపోయినా చిరగొచ్చన్నాడు. ఇన్నాళ్లూ అన్నం పెట్టిన పని తనమీదే సాక్ష్యం చెబుతుంటే మేస్త్రి తలొంచుకుని విన్నాడు. మొదటి డాక్టరు మాటా అవతలి లాయరు బయటికి తీశాడు. "పని వల్ల అని అప్పుడే అన్నారుగా. మీరు టీకా మాటే ఎత్తలేదుగా?"

"అడగలేదండి. నాకూ తట్టలేదు."

"మీరు అసలు టీకాలంటే గిట్టని మనిషా?"

"అదేంటండీ. మా అమ్మాయికి అన్నీ వేయించాను. మందు మీద నాకేం గొడవ లేదు. సూది దిగిన చోటు గురించే."

వీళ్ల ఎముకల డాక్టరు తన మాట తాను చెప్పాడు. పడ్డాక ఏళ్లపాటు పైకప్పులకి రంగులు వేసిన మనిషి, టీకా మర్నాడే చొక్కా తొడుక్కోలేకపోయాడంటే ఆ నొప్పికి టీకాయే కారణం. మరి చిరుగు సంగతేమిటని అడిగారు. "అదీ దానివల్లే అయ్యుండొచ్చు" అన్నాడు. గట్టిగా చెప్పమంటే, "స్కానింగులో చిరుగు కనిపిస్తుంది, అది ఎప్పటిదో కనిపించదు" అన్నాడు. లాయరమ్మ భుజాలు కాస్త కిందికి దిగాయి.

నర్సమ్మని పిలిచారు. మేస్త్రిని గుర్తుపట్టలేనంది, రోజూ వందమంది. కానీ జనం ఎక్కువైతే కాలరు లాగి వేయడం ఉండేదని, అలా వేయకూడదని తర్వాత నేర్పారని ఒప్పుకుంది. క్లినిక్కు వాళ్లు ఆవిడకేసి చూసిన చూపు మేస్త్రి గమనించాడు.

తీర్పు వచ్చింది. సూది కీలులో దిగింది. వాపు, నొప్పి, చెయ్యి బిగుసుకుపోవడం దానివల్లే. ఆ పనిలేని నెలలకి క్లినిక్కు పరిహారం ఇవ్వాలి. చిరిగిన పట్టీ మాత్రం టీకా వల్లే అని రుజువు కాలేదు. దాని ఆపరేషను వాళ్ల బాధ్యత కాదు.

"ఉన్నది ఒక్క భుజం, రెండుగా ఎలా కోశారమ్మా?" అంది భార్య. లాయరమ్మ కాగితాలు సర్దుకుంది. పైకోర్టుకి వెళ్లొచ్చంది. మేస్త్రి చెయ్యి ఊపాడు, ఎడమచెయ్యి. చాలన్నట్టు.

మెట్లు దిగుతుంటే నర్సమ్మ వెనకనుంచి వచ్చింది. కాసేపు తటపటాయించి, "ఇంకా నొప్పుందా అండీ?" అని అడిగింది.

ఎప్పుడు మొదలైంది, ఎలా మొదలైంది, ముందు ఉందా లేదా అని ఇన్నేళ్లూ అందరూ అడిగినవాళ్లే. ఇప్పుడెలా ఉందని ఆ కోర్టులో ఎవరూ అడగలేదు. మేస్త్రి మెట్టు మీదే ఆగాడు. "చలికి ఎక్కువుంటుందమ్మా" అన్నాడు. ఆవిడ తలూపి వెళ్లిపోయింది.

ఆపరేషను చేయించుకున్నాడు. సగం నయం. చెయ్యి భుజం ఎత్తుదాకా వస్తుంది, ఆపైన రాదు. ఇప్పుడు తలుపులూ కిటికీలూ మేస్త్రివి. పైకప్పులు బామ్మర్ది పొడుగు నిచ్చెనెక్కి వేస్తాడు. పైనుంచి, "ఇక్కడి గాలే వేరు బావా, ఇన్నాళ్లూ ఒక్కడివే అనుభవించావు" అంటాడు. మేస్త్రి కొన్నిసార్లు నవ్వుతాడు. కొన్నిసార్లు, "మూల వదిలేశావు, చూసుకో" అని మళ్లీ కిటికీ చువ్వల మీదికి వంగుతాడు.