“అయితది తియ్” ఎవరి మాట?

2007లో మేడ్చల్ బస్టాండు ఎదురు సందులో నాకు ఎనిమిది కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. మాది గుంటూరు వైపు. మావారి ఉద్యోగం వల్ల పేట్ బషీరాబాద్‌లో కాపురం పెట్టాం. సెంటర్‌తో పాటు మేడ్చల్, శామీర్‌పేట కుర్రకారు కోసం ఒక ఆన్‌లైన్ కమ్యూనిటీ కూడా నడిపేదాన్ని. దానికి మోడరేటర్‌ని నేనే. అంటే ఎవరేం రాసినా చదవాలి, బూతులుంటే తీసెయ్యాలి, పనికొచ్చే చర్చను పైన కనిపించేలా పెట్టాలి. ఒక్కో చర్చను థ్రెడ్ అనేవాళ్లం. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు.

ఆ వర్షాకాలంలో లావణ్య ఒక థ్రెడ్ మొదలుపెట్టింది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మల్లయ్య కూతురు. మేడ్చల్‌లో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పొద్దున వేళకు బస్సు లేక మొదటి గంట ప్రాక్టికల్స్ పోతున్నాయి. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వం అని కాలేజీలో చెప్పేశారు. తోటి అమ్మాయిలు ఇద్దరు అప్పటికే చదువు మానేశారు. డిపో మేనేజర్‌కు అర్జీ ఇస్తున్నాం, సంతకాలు పెట్టండి అని అడిగింది. చివర్న, “మా బాపు అయితది తియ్ బిడ్డా అన్నడు” అని రాసింది. మా వైపు అవుతుందిలే అంటాం, అదే.

రెండు రోజులు ఎవరూ పలకలేదు. మూడో రోజు కిరణ్ అనే ఇంజనీరింగ్ కుర్రాడు కింద “అయితది తియ్!” అని కొట్టి నవ్వే బొమ్మ పెట్టాడు. తండ్రి ధైర్యం చెప్పిన మాట అక్కడ వెక్కిరింత అయిపోయింది. దాని కింద ఇంకో పది మంది అదే కొట్టారు.

తర్వాత అది ఆ థ్రెడ్ దాటింది. క్యాంపస్ ఇంటర్వ్యూల గురించి ఎవరో అడిగితే అయితది తియ్. మా వీధికి నల్లా ఎప్పుడొస్తుంది అంటే అయితది తియ్. ఆ మాటతో వచ్చిన సుఖం ఏమిటంటే, దేనికైనా అతుకుతుంది. ఆలోచించక్కర్లేదు, అన్నవాడు మాత్రం లోకం చూసినవాడిలా కనిపిస్తాడు. నెల తిరక్కుండా గాజులరామారం కుర్రాళ్ల కమ్యూనిటీలో కూడా చూశాను. అక్కడి వాళ్లకు లావణ్య ఎవరో తెలియదు, బస్సు సంగతీ తెలియదు.

నా తప్పు కూడా చెప్పాలి. జనం పెరుగుతున్నారన్న సంబరంలో ఆ మాటను మా కమ్యూనిటీ పేరు కింద పెద్ద అక్షరాల్లో నేనే పెట్టాను.

లావణ్య వారానికోసారి సెంటర్‌కు వచ్చేది. ఆ నెలలో ఇంటర్నల్ పరీక్షల వల్ల రాలేదు. వచ్చిన రోజు పేజీ తెరిచి, పైనున్న పెద్ద అక్షరాల మీద వేలు పెట్టింది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

“గిది మా బాపు మాట మేడం. మీద ఎవరు వెట్టిన్రు?”

నేనే పెట్టానని చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు. సిగ్గుతో, థ్రెడ్ మొత్తం తీసేస్తానమ్మా అన్నాను.

“తీసెయ్యకున్రి. తీసేస్తే నేను భయపడ్డట్టయితది.”

అక్కడే కూర్చుని జవాబు కొట్టింది. తను పదో తరగతి లెక్కల్లో తప్పినప్పుడు తండ్రి ఇదే మాట అన్నాడనీ, మళ్లీ రాసి పాసయ్యాననీ రాసింది. నవ్వినవాళ్లందరూ సోమవారం పది గంటలకు డిపో దగ్గరికి రావాలి, వచ్చి సంతకం పెట్టి తర్వాత నవ్వుకోవచ్చు అని ముగించింది. నేను పైన పెట్టిన అక్షరాలు చెరిపేసి, ఆ జవాబును అందరికీ కనిపించేలా అక్కడ పెట్టాను. ఇరవై మంది దాకా అలిగి కమ్యూనిటీ నుంచి వెళ్లిపోయారు. పోనిచ్చాను.

సోమవారం ఆరుగురు వచ్చారు. అందులో కిరణ్ ఒకడు. లావణ్య చేతిలోని కాగితం తీసుకుని మొదటి సంతకం పెట్టాడు. తర్వాత నాతో, నాలుగు కంపెనీల్లో ఉద్యోగానికి తిరిగితే ఎక్కడా కాలేదనీ, ఎవరైనా అయితది అంటే ఒళ్లు మండేదనీ చెప్పుకున్నాడు. ఆ మంట ఎక్కడిదో తెలిశాక అతని మీద నాకు కోపం రాలేదు.

డిపో మేనేజర్ మొదటిసారి చూద్దాం అన్నారు. రెండోసారి సిబ్బంది లేరన్నారు. మూడోసారి లావణ్య హాజరు పట్టీ తీసుకెళ్లి బల్ల మీద పరిచింది. దసరా సెలవులు అయ్యాక పొద్దున ఏడున్నరకు బస్సు వేశారు. మానేసిన ఇద్దరిలో ఒకమ్మాయి తిరిగి వచ్చింది. రెండో అమ్మాయికి అప్పటికే పెళ్లయిపోయింది.

మాట మాత్రం ఆగలేదు. ఎక్కడెక్కడో వెక్కిరింతగా తిరుగుతూనే ఉంది. మోడరేటర్‌గా నేను నేర్చుకున్నది చిన్న సంగతే. ఏ మాటైనా నలుగురి నోళ్లలో నలుగుతుంటే, మొదట ఎవరు, ఎవరితో, ఎందుకన్నారో వెతికి చూశాకే నా పేజీలోకి రానిచ్చేదాన్ని. తెలిసింది దాని కిందే రాసేదాన్ని. కొందరికి విసుగు పుట్టేది. అయినా మానలేదు.

బస్సు వచ్చిన కొత్తలో మల్లయ్య కూతుర్ని దింపడానికి ఒకసారి సెంటర్‌కు వచ్చాడు. జరిగిందంతా చెప్పి, క్షమించమని అడిగాను. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

“నవ్వుకోనియ్యుండ్రి మేడం,” అన్నాడు. “నేనన్నది నా బిడ్డతోని. ఆమె ఇన్నది. సాలు.”