వాతల జగ్గమ్మ, ఎర్రావు నెత్తురు

జగ్గమ్మకి అన్నీ తెలుసుకోవాలన్న యావ జాస్తి. బస్సెక్కితే డ్రైవరు పక్కన చేరి, ఆ కర్ర ఎందుకు, ఈ బొత్తాం ఎందుకని ప్రాణం తీసేస్తుంది. రాజాం చుట్టుపక్కల ఏ గొడ్డు మేత మానేసినా మాత్రం కబురు ఆవిడకే. కొడవలి ఎర్రగా కాల్చి డొక్క మీద వాత పెట్టడంలో ఆవిడ చెయ్యి అంత పేరుపడింది. ఊరికే పెడుతుంది, పైసా పుచ్చుకోదు.

అలాంటిది, నెలలు నిండిన సొంత ఎర్రావే మేత మానేసింది. వాత పెట్టింది. తగ్గలేదు సరికదా, కుడితి కూడా ముట్టడం మానేసింది. జగ్గమ్మ హడలిపోయి పశువుల డాక్టరు అనూరాధకి ఫోను చేయించింది. వాత చూస్తే తిడుతుందని, మంచు పడుతోందన్న వంకతో ఆవు మీద గోనెపట్టా కప్పేసింది. చూశారా తెలివి!

అనూరాధ ఆవు మెడనరంలోంచి నెత్తురు తీసి, గాజుగొట్టంలో ఏదో మందు కలిపి తిప్పింది. చూస్తూండగానే గడ్డకట్టేసింది.

"ఏటమ్మా అది! పెరుగులాగ తోడుకున్నాది!"

"ఒంట్లో ఎక్కడో వాపుందమ్మా. వాపొస్తే కార్జం, అదే లివరు, కొన్ని ప్రోటీన్లు ఎక్కువగా తయారుచేసి నెత్తుట్లోకి వదుల్తుంది. అవి పెరిగితే ఇలా తొందరగా గడ్డకడుతుంది. మేతలో ఇనపతీగ మింగిందేమో. పొట్ట కోసి తియ్యాల్సి రావచ్చు."

"కోస్తే లోపల దూడో?"

"చెప్పలేనమ్మా."

జగ్గమ్మకి ఏడుపొచ్చింది. అయినా ఆ యావ ఊరుకుంటుందా? "తీగ మింగితేనే పెరుగుతాయేటి అవి?"

"దెబ్బ తగిలినా, చీము పట్టినా, కాలినా పెరుగుతాయి. ఎక్కడన్నది నెత్తురు చెప్పదు."

కాలినా! జగ్గమ్మ గోనెపట్టా లాగేసింది. కుడి డొక్క మీద వాత చీము పట్టి ఉబ్బిపోయి ఉంది.

"ఇది నీకు సెప్పలేదు డాట్రమ్మా."

అనూరాధకి ఒళ్లు మండి నాలుగు చీవాట్లు పెట్టింది. పుండు కడిగి, సూదులు వేసి, కోత సంగతి అది మానాక చూద్దామంది.

పుండు మానేసరికి ఎర్రావు మేతలో పడింది. ఈసారి గొట్టంలో నెత్తురు ఎంతసేపు తిప్పినా పల్చగానే ఉంది.

"తీగా లేదు, ఏమీ లేదు. మొదట్లో మేత మానింది ఉత్త అజీర్తికే అయ్యుంటుంది. దూడకి భయం లేదమ్మా!" అనూరాధ నవ్వింది.

జగ్గమ్మ నవ్వలేదు. "మరైతే, ఇన్నేళ్లూ నాను వాతెట్టిన గొడ్లన్నిటి రత్తమూ ఆ మొదటి గొట్టంలోలాగే అయిపోనాదా తల్లీ?"

అనూరాధకి అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "అయే ఉంటుందమ్మా," అంది.

"మందేననుకున్నాను," అని జగ్గమ్మ ఎర్రావు మెడ పట్టుకుని బావురుమంది.