చెన్నైకే పంపమన్న మా అక్క

గురువారం. పాలు కాచాను. దోసెల పిండి రుబ్బాను. ఇస్త్రీ బట్టలు లెక్కపెట్టి ఇచ్చాను. గ్యాస్ సిలిండర్ మార్చాను. వీధిలో బండి దగ్గర బీన్సు తూకం వేయిస్తుండగా ఆస్పత్రి నుంచి మావారు ఫోన్ చేశారు. "వదిన పోయింది," అన్నారు. తూకం అయిపోయింది కాబట్టి డబ్బులిచ్చి పైకి వచ్చాను. బీన్సు ఫ్రిజ్‌లో పెట్టాను.

మావారికి వదినంటే నాకు తోడికోడలు. నేను అక్కా అని పిలిచేదాన్ని. యలహంక పాతపేటలో ఒకే ఇంట్లో కింద వాళ్ళు, పైన మేము. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నేను మాత్రం ముందు నా పగ చెప్పుకుని, ఆ తర్వాత మంచికి వస్తాను. ఆమె చదివితే ఈ వరసే నమ్ముతుంది.

కాపురానికి వచ్చిన కొత్తలో నేను పెట్టిన పులుసు చూసి, "ఏమే, ఇది అన్నంలో పోసుకునేదా, చెయ్యి కడుక్కునేదా?" అంది, పెళ్ళికొచ్చిన బంధువులందరి ముందూ. మా కుండీలో కరివేపాకు అడగకుండా తుంచుకుని, పురుగు పట్టిందని వంక పెట్టి మరీ దిగేది. మా పాపకు లెక్కల్లో మొదటి బహుమతి వస్తే, "ఆడబిడ్డ ఇన్ని లెక్కలు నేర్చి ఏం జేస్తాది? మొగుని జేబు లెక్కబెడతాదా?" అని నవ్వింది. నేనూ ఊరుకోలేదు. నీళ్ళ మోటారు స్విచ్ మా ఇంట్లో ఉంది. ఆమె తలంటుకునే శుక్రవారాల్లో అది వేయడం నాకు గుర్తుండేది కాదు.

ఆమె కొడుకు చెన్నైలోని ఒక పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ కోసం రెండుసార్లు పరీక్ష రాశాడు. రాలేదు. చివరికి ఊళ్ళోనే ఎక్కడో చేరితే, ఆమె వీధంతా స్వీట్లు పంచి ఆఖరున మా ఇంటికి వచ్చింది. "మీ పాపకు గూడా ఏదో ఒగటి దొరుకుతాదిలే," అంది. ఆ మాట నేను దాచుకున్నాను.

మా పాపకు ఆ చెన్నై కాలేజీలోనే సీటు వచ్చింది. అంతే పేరున్న పుణె సైన్సు కాలేజీలో లెక్కల చదువుకూ వచ్చింది. ఏదో ఒకటి ఒప్పుకోవడానికి రెండు రోజులే గడువు. నేను తేల్చేశాను, చెన్నైకే. ఆ కాలేజీ పేరు రోజూ కింది ఇంటికి వినపడేలా ఫోన్లో మాట్లాడాలని అనుకున్నాను. "పుణె కూడా మంచిదే కదమ్మా," అని పాప ఒక్కసారి అంది. వినిపించుకోలేదు.

ఆ సాయంత్రమే చెప్పుల చప్పుడు చేసుకుంటూ అక్క పైకి వచ్చింది. చేతిలో మైసూర్‌పాక్ డబ్బా. అడగకుండానే సోఫాలో కూర్చుంది.

"చెన్నైలోనే చేర్చాల. నేను తీర్మానం చేసేసినా," అంది.

"ఎందుకక్కా?"

"నా తమ్ముడు ఆడనే ఉండాడు గదా. శనివారం శనివారం పోయి బిడ్డను ఇంటికి పిల్చుకొస్తాడు. నాలుగేండ్లు మా పుట్టింటోళ్ళ అన్నం తినే చదివిందని రేపు అందరికీ చెప్పుకుంటా."

నా ఒళ్ళు మండింది. నేను కని పెంచిన పిల్ల పేరు ఈమె పుట్టింటి ఖాతాలోకా?

"పాప పుణెకి పోతాది అక్కా. ముందే అనుకున్నాం."

"పిచ్చి పట్టిందా నీకు?"

"పుణెకే."

"నీ ఖర్మ. బిడ్డను ఆ లెక్కల్లో తోసి చెడగొట్టు," అని లేచింది. పోతూ పోతూ మైసూర్‌పాక్ డబ్బా కూడా పట్టుకుపోయింది. నేను ఆ రాత్రే పాప చేత పుణె సీటు ఖాయం చేయించాను. పాప నన్ను గట్టిగా వాటేసుకుంది. అక్కకు నేనిచ్చిన దెబ్బకు మెచ్చుకుంటోందనుకున్నాను. రెండేళ్ళు ఆ గెలుపును తలుచుకుని తలుచుకుని మురిసిపోయాను.

అక్క పోయిన పదో రోజు, వంటకు కూర తరుగుతుంటే, పుణె నుంచి వచ్చిన పాప పక్కన కూర్చుంది.

"అమ్మా, ఒకటి చెప్తే తిట్టవు కదా? పెద్దమ్మ తమ్ముడు అప్పటికే హోసూరు వచ్చేశాడు. చెన్నైలో వాళ్ళకెవరూ లేరు."

కత్తిపీట మీద నా చెయ్యి ఆగింది.

"నేనే ఏడ్చుకుంటూ కిందికెళ్ళా. నాకు లెక్కలే చదవాలనుంది, అమ్మ వినట్లేదని చెప్పా. పెద్దమ్మ ఏమందో తెలుసా? 'పుణె బాగుంటాదని నేనంటే మీ అమ్మ చచ్చినా పంపదు. పోయి చెన్నై అంటా, చూడు. మీ అమ్మ ఏ పొద్దయినా నా మాట వినిందా?'"

"మరి మైసూర్‌పాక్?"

"మెట్ల మీద కూర్చుని ఇద్దరం తినేశాం."

నాకు కోపం ముంచుకొచ్చింది. అన్నేళ్ళ పోరులో నేను గెలిచిన ఒక్క రోజు కూడా నాది కాదట. కిందికి పోయి నాలుగు అడుగుదామంటే మనిషి లేదు.

మధ్యాహ్నం మేడమీద పిట్టగోడపై ఆకు వేసి కాకికి పెట్టారు. కాకి రాలేదు. పావురాలు దిగాయి. బావగారు తువ్వాలుతో వాటిని తోలుతూ, అబ్బాయి పెళ్ళి చేస్తానని మాట ఇచ్చారు. కాకి రాలేదు. నాన్నను చూసుకుంటానని కొడుకు ఏడ్చాడు. రాలేదు. ఎండ ఎక్కుతోంది. ఆమెకు ఇంకా ఏ కోరిక మిగిలిందోనని బావగారు గోడకు ఆనుకుని కూలబడ్డారు.

నేను ముందుకు వెళ్ళాను. నేనూ ఏదో మాట ఇవ్వబోతున్నాననుకుని అందరూ పక్కకు జరిగారు.

"అక్కా, వింటా ఉండావా? ఇప్పుడు నువ్వొచ్చి తినకపోతే, పాపను పుణెలో మాన్పించి తెచ్చి ఇంజనీరింగ్‌లో చేరుస్తా. ఆపేదానికి ఈసారి నువ్వు లేవు."

పాప "అమ్మా!" అంది. ఎదురింటి డిష్ వెనక నుంచి ఒక కాకి రెక్కలు టపటపలాడిస్తూ వచ్చి ఆకు మధ్యలో వాలింది. గారె ఎత్తుకుంది. ముక్కు గోడకు అటూ ఇటూ రుద్దుకుని, పావురాల మీద ఒక్క అరుపు అరిచి, మా తలల మీదుగా ఎగిరిపోయింది.

అక్కకూ నాకూ బాకీ చెల్లు.